స్ట్రాటిస్ చెయ్యి

"బోటొచ్చిందర్రా! స్ట్రాటిస్ బోటొచ్చింది!"

ఎదురింటి మలామో పిన్ని కేక పొగమంచును చీల్చుకుంటూ గ్రీసులోని కస్తోరియా ఊళ్ళో దొల్చో వీధి ఆ చివరి దాకా పోయింది. పోయిన కేక ఊరికే పోలేదు. ఇంటింటి తలుపూ తట్టి, ఒక్కొక్కర్నీ బయటికి లాగి, సరస్సు ఒడ్డుకి తరిమింది.

నిజానికి స్ట్రాటిస్ భార్య డోమ్నా అన్నది బోటు కాదు, కోటు. మేడమీది కిటికీ తెరిచి, కింద వాకిట్లో తోళ్ళ మూటలు విప్పుతున్న బావగారిని పిలిచి, "బావగారూ, త్వరగా రండి! ఇది స్ట్రాటిస్ కోటు!" అంది. ఆ మాట కిందికి దిగేలోపు ఎదురు కిటికీలో కూర్చున్న మలామో పిన్ని కుడి చెవిలో పడింది. ఆ చెవికి వినికిడి తగ్గి పదేళ్ళయింది. ఎడమ చెవి బంగారంలాంటిది. కానీ పిన్ని మంచి చెవిని పొదుపుగా దాచుకుని, పాడు చెవితోనే ఊరి వ్యవహారమంతా నడుపుతుంది.

ఒక్క అక్షరం తేడా. ఎనిమిదేళ్ళ కిందట, సరిగ్గా ఇలాంటి నవంబరు పొగమంచులోనే స్ట్రాటిస్ బోటు కట్టు విప్పుకుని సరస్సులోకి వెళ్ళాడు. మనిషీ రాలేదు, బోటూ రాలేదు. కనీసం తెడ్డయినా ఒడ్డుకి కొట్టుకు రాలేదు. అందుకే ఆ అక్షరానికి వీధి వీధంతా ఉన్నపళంగా పరుగెత్తింది.

మేడమీద మాత్రం ఎవరూ పరుగెత్తడం లేదు. బల్ల మీద కోటు చేతులు చాచుకుని పడుకుని ఉంది.

దాని లోపలి పట్టు లైనింగు డోమ్నాయే విప్పింది. కోటు భుజం దగ్గర చిరిగిందని, కొత్త లైనింగు వెయ్యమని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరో దొరసాని పంపిస్తే, పాత సరుకుల మూటలో వచ్చింది. బొచ్చు కిందికి, తోలు పైకి పరిచింది. బొచ్చు వైపు నుంచి చూస్తే కోటులో వేసుకునే మనిషి కనిపిస్తుంది. తోలు వైపు నుంచి చూస్తే కుట్టిన మనిషి కనిపిస్తాడు. ఈ వైపు చూసే భాగ్యం కస్తోరియా వాళ్ళకి తప్ప లోకంలో ఎవరికీ లేదు, ఎవరికీ అక్కర్లేదు కూడా.

మెట్లు ఎక్కొచ్చిన అర్గీరిస్ గుమ్మంలోనే ఆగాడు. భుజం మీద ముంగిసలాంటి మింక్ జంతువు తోకలు రెండు వేలాడుతున్నాయి.

"ఏంటమ్మా ఆ కేకలు? పెళ్ళి ఆదివారం కదా. గురువారమే మొదలెట్టావేం మేళాలు?"

"ఇది చూడండి బావగారూ."

"చూశాను. తోలు. పుట్టిన దగ్గర్నుంచీ దీని మొహమే చూస్తున్నా."

"ఎడమ చంక కింద చూడండి."

అర్గీరిస్ వంగాడు. వంగినవాడు మళ్ళీ వెంటనే లేవలేదు.

ఆ కోటు మొత్తం మింక్ పాదాల ముక్కలతో అతికినది. పెద్ద ఊళ్ళలో కత్తిరించి పారేసిన వేలెడు ముక్కలు మూటలు మూటలుగా కస్తోరియాకి వస్తాయి, కోట్లయి తిరిగి వెళ్ళిపోతాయి. అందుకే ఆ ఊళ్ళో కోట్లు కుట్టేవాళ్ళే గానీ కోట్లున్నవాళ్ళు కనబడరు. అతుకుల మీదే బతుకు. అయితే ఆ అతుకుల్లో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ముక్క కొసని పక్క ముక్కలోకి ఎలా దూర్చారు, ఏ ముక్క పక్కన ఏ ముక్కని పెట్టారు అన్నది చూసి, ఎవరి చెయ్యో చెప్పేస్తారు అక్కడివాళ్ళు. మనం చేతిరాత గుర్తుపట్టినట్టు.

స్ట్రాటిస్ చెయ్యిని గుర్తుపట్టడం ఇంకా తేలిక. కోటు మరీ నూటికి నూరుపాళ్ళు కుదిరితే, ఆ జంతువు తన తోలుని ఆనవాలు పట్టి వెతుక్కుంటూ వస్తుందని ఆ ఇంట్లో ఒక నమ్మకం. అందుకని ఎడమ చంక కిందికొచ్చే చోట ఒకే ఒక్క ముక్కని బొచ్చు ఎదురుతిప్పి అతికేవాడు. వెతుక్కుంటూ వచ్చిన ప్రాణి అక్కడ దారి తప్పిపోవాలి. ఆ సంగతి ఆ నాలుగు గోడలు దాటి పోలేదు.

కోటులో ఆ ముక్క ఉంది. పక్కనే పెన్సిలుతో స్ట్రాటిస్ పేరులోని మొదటి అక్షరం. దాని కింద అంకె: అరవై ఒకటి.

"అరవై ఒకటంటే పోయినేడు," అంది డోమ్నా. ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. "మీ తమ్ముడు పోయింది యాభై నాలుగులో."

"పోయినేడు కుట్టాడా పోయినోడు?" అన్నాడు అర్గీరిస్. నవ్వుదామని మొదలెట్టిన మాట నవ్వు లేకుండానే ముగిసింది. "ఎవడో చూసి దించుంటాడు."

"తిరగేసిన ముక్క సంగతి మన ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?"

కిటికీ దగ్గర అత్తగారు పోలిక్సేని పెళ్ళి విందుకి పెద్ద చిక్కుళ్ళు ఒలుస్తోంది. గింజలు ఇత్తడి గిన్నెలో టక్కు టక్కుమని పడుతున్నాయి. డోమ్నా ఆ మాట అనగానే ఆ చప్పుడు ఆగింది. ముసలావిడ తలెత్తలేదు. కాసేపటికి మళ్ళీ టక్కుమంది.

అప్పుడు వినిపించింది పిలుపు.

"స్ట్రాటీ...స్!"

సరస్సు ఒడ్డు నుంచి. ఒక గొంతు కాదు, యాభై గొంతులు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు. నోటి చుట్టూ చేతులు అడ్డం పెట్టుకుని పొగమంచులోకి పిలుస్తున్నారు. పిలిచి ఆగుతున్నారు, జవాబు కోసం. నీళ్ళ అవతలి కొండ ఆ పేరుని కాసేపు నోట్లో నానబెట్టుకుని, తోక మాత్రం తిరిగి పంపిస్తోంది. "...టీస్."

డోమ్నా కిటికీ రెక్క పట్టుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ పేరుని గట్టిగా పలకలేదు. ఇప్పుడు ఊరంతా పలుకుతోంది. పిలిస్తే పలకనివాడి పేరు అలా పిలవకూడదని వాళ్ళకెవరు చెబుతారు?

కింద తలుపు బాదుకుంది. అనెస్తిస్ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, బూట్లకి ఒడ్డు బురద. పక్క సందులోని పనిశాలలో పెద్ద కత్తెరగాడు అతను. కత్తిరించడం వరకే కత్తెర, మాటల్లో మాత్రం దారం లాగినట్టు సాగుతాడు. ఆదివారం డోమ్నా పక్కన పెళ్ళి కిరీటం పెట్టుకోబోయే వరుడు.

"డోమ్నా, ఒడ్డున బోటేదీ లేదు. నాలుగు కొంగలున్నాయి, అవి కూడా నన్ను చూసి అనుమానించాయి. ఎవరు చెప్పారు బోటని?"

"బోటు కాదు. కోటు అన్నాను. పిన్ని బోటు చేసింది."

అనెస్తిస్ ఒక్క క్షణం చూసి, గోడకి చేరగిలబడి పకపకా నవ్వాడు. నవ్వులో ఊపిరి ఎక్కువ, సంతోషం తక్కువ.

"అమ్మయ్య! బోటైతే అందులో మొగుడొస్తాడు. కోటులో ఎవడొస్తాడు? భుజాలు కూడా సరిపోవు!"

"వచ్చి చూడు," అన్నాడు అర్గీరిస్.

అనెస్తిస్ వచ్చి చూశాడు. కోటు అంచు ఎత్తి, బొచ్చులోకి ఉఫ్ మని ఊది, విడిపోయిన వెంట్రుకల కింద ఉన్ని రంగు చూశాడు. మళ్ళీ తోలు వైపు తిప్పాడు. వేలితో ఒక అతుకు వెంట మెల్లగా నడిచాడు. చంక దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది.

గింజల చప్పుడు కూడా ఆగింది.

"ఇది స్ట్రాటిస్ చెయ్యే," అన్నాడు అనెస్తిస్. అబద్ధమాడి ఉంటే అతనికే మంచిది. ఆడలేకపోయాడు. పనివాడు కదా.

"మిషను కుట్టు మాత్రం కాదు," అంది డోమ్నా. "చేతిసూదితో కుట్టారు. చూడండి, ఎంత సన్నగా ఉందో."

"అక్కడ మిషన్లు ఉండవేమో," అన్నాడు అనెస్తిస్. అనేశాక, తను ఏ 'అక్కడ' గురించి అన్నాడో అతనికే తట్టి, టోపీ చేతుల్లో నలిపాడు.

"సరే, తేలిపోయింది," అన్నాడు అర్గీరిస్. "ఆదివారం పెళ్ళి లేదు."

"అదేంటి అర్గీరిస్? మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని కోర్టు కాగితం ఉంది కదా."

"కాగితం మీద ఏముంది? 'కనిపించుట లేదు' అనుంది. 'చనిపోయెను' అని లేదు. ఇదిగో, ఇవాళ కనిపించాడు. తోలు మీద కనిపించాడు. మొగుడు బతికుండగా మరో మొగుడి పక్కన నిలబెట్టడానికి పాదిరీ గారేమన్నా పిచ్చాడా?"

"నీ బాధ నాకు తెలుసులే. ఈవిడ మా ఇంటికొచ్చేస్తే నీ మిషను ముందు కుర్చీ ఖాళీ అవుద్ది. ఇంత చక్కగా కుట్టే మనిషి నీకెక్కడ దొరుకుద్ది?"

"నోరు అదుపులో పెట్టుకో. తోలు తీస్తాను!"

"మనూళ్ళో తోలు తీసేవాడెవడున్నాడన్నా! ఎవరో తీసింది అతకడమేగా మన పని!"

"ఆపుతారా ఇద్దరూ?"

డోమ్నా అరవలేదు. మెల్లగానే అంది. ఇద్దరూ ఆపారు.

ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళు మొగుడితో ఉంది, ఎనిమిదేళ్ళు మొగుడి జాడ కోసం ఉంది. ఈ రెండో ఎనిమిది మోయలేక, చివరికి అనెస్తిస్ హాస్యాల కింద ఉన్న మంచితనాన్ని గుర్తించి సరేనంది. మొన్ననే విధవలు కట్టే నల్లబట్టలు ఉతికి, మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టింది. ఇప్పుడు స్ట్రాటిస్ బతికే ఉంటే ఆ పెట్టె తెరవక్కర్లేదు. పెళ్ళి చీటీ చింపెయ్యాలి, అంతే. భార్యా కాదు, విధవా కాదు. ఆ రెండింటి మధ్యా అతుకు లేని చోట మిగిలిన బతుకంతా నిలబడాలి.

"మీకో మాట చెప్పాలి," అంది. "ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ పడుకున్నప్పుడు, అటక మీద సుత్తి చప్పుడు వినిపిస్తుంది. సన్నగా. తోలు బల్లకి పరిచి మేకులు కొడుతున్నట్టు. ఆయన గదిలోంచి."

నమ్మరనుకుంది. వెక్కిరిస్తారనుకుంది. అర్గీరిస్ ముఖం మాత్రం పాత లైనింగులా పాలిపోయింది.

"నీకూ... వినిపిస్తుందా?"

"అంటే మీకు కూడా?"

"ఆరేళ్ళ నుంచీ. మా ఆవిడకి కూడా. తలగడ చెవుల మీద పెట్టుకుని పడుకుంటుంది."

అనెస్తిస్ ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. "ఒకే ఇంట్లో ఉంటారు. ఒకే చప్పుడు వింటారు. ఒకరికొకరు చెప్పుకోలేదా?"

"చెప్పుకుంటే నిజమైపోద్ది కదా," అన్నాడు అర్గీరిస్.

అటక గది తాళం వేసే ఉంది. స్ట్రాటిస్ పోయిన నలభయ్యో రోజున, ఆత్మశాంతి ప్రార్థనలో పంచిన ఉడకబెట్టిన గోధుమలు ఇంకా నోట్లో ఉండగానే అత్తగారు ఆ తలుపుకి తాళం వేసింది. తర్వాత ఎవరూ తియ్యమని అడగలేదు.

"అత్తయ్యా," అంది డోమ్నా. "తాళంచెవి ఇవ్వండి."

పోలిక్సేని గిన్నె పక్కన పెట్టింది. ఒళ్ళో తొక్కలు దులుపుకుంది. డెబ్భయ్యేళ్ళ మనిషి, లేవడానికి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించింది. తాళంచెవి మాత్రం ఎక్కడా వెతకలేదు. మెళ్ళోనే ఉంది, శిలువ పక్కన.

"ఇవ్వను. నేనే తీస్తాను. పదండి."

చెక్కమెట్లు ఒక్కొక్కటీ మూలుగుతుంటే పైకెక్కారు. కింద వాకిట్లో అప్పుడే సందడి మొదలైంది. సరస్సు ఒడ్డున పిలిచి పిలిచి గొంతులు బొంగురుపోయిన జనం, బోటు లేకపోతే పోనీ, ఇంటి దగ్గరైనా ఏమైనా ఉందేమోనని ఇటు మళ్ళారు. అందరికన్నా ముందు మలామో పిన్ని. నీళ్ళలోంచి ఎవరో ఓయ్ అన్నారని ఒకరు, కాదు దగ్గారని ఒకరు, తడవకుండానే తడబడుతున్నారు.

తాళం తేలిగ్గా తిరిగింది. ఎనిమిదేళ్ళు మూసిన తాళం అలా తిరగదు. ఎవరో నూనె వేస్తున్నారు.

గదిలో ఉత్తరం కిటికీ ఒక్కటే. వెలుతురు పొగమంచులో ఉడికి, పాలిపోయి లోపలికొస్తోంది. కిటికీ కింద స్ట్రాటిస్ బల్ల. బల్ల మీద దుమ్ము లేదు.

దుమ్ముకి బదులు తోలు ఉంది. మూరెడు వెడల్పున్న అతుకుల పలక, చుట్టూ సన్నమేకులు కొట్టి, బిగుతుగా లాగి, ఆరబెట్టి ఉంది. మూలన పెన్సిలుతో అదే అక్షరం. అంకె మాత్రం మారింది. అరవై రెండు.

డోమ్నా వేలు ముందుకి చాచింది. వద్దని ఒళ్ళంతా అంటున్నా వేలు వినలేదు. తోలు తగిలింది.

తడిగా ఉంది. నిన్ననో మొన్ననో తడిపిన తడి. చల్లగా, ఇప్పుడే నీళ్ళలోంచి లేచొచ్చిన మనిషి చెంపలా.

వెనక మెట్ల మీద ఎవరో ఏడవడం మొదలెట్టారు. అప్పటికే జనం మెట్లదాకా వచ్చేశారు. అర్గీరిస్ శిలువ గుర్తు వేసుకున్నాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. అనెస్తిస్ డోమ్నా పక్కకి జరిగి, చెయ్యి పట్టుకుందామనుకుని, ఆ గదిలో ఆ చెయ్యి ఎవరిదో తెలియక ఆగిపోయాడు.

"అందరూ వచ్చారా?" అంది పోలిక్సేని. "మంచిది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు."

ఆవిడ బల్ల ముందు కూర్చుంది. సొరుగు లాగి కత్తి తీసింది. తోలు కోసే చిన్నకత్తి, పిడి అరిగి నున్నగా ఉంది.

జనంలో గుసగుస. ఆ ఊళ్ళో ఆడవాళ్ళది మిషను, మగవాళ్ళది కత్తి. కత్తి పట్టిన ఆడదాన్ని ఆ పనిశాలల్లో ఎవరూ చూసి ఉండరు. కూర కోసే కత్తి సంగతి వేరు.

ముసలావిడ బుట్టలోంచి రెండు పాదాల ముక్కలు తీసింది. కళ్ళు మూసుకుంది. ఒక్కొక్క ముక్కనీ పై పెదవికి తాకించి, బొచ్చు ఏ వైపు వాలిందో చూసుకుంది. మెత్తగా ఊదింది. తిప్పింది. తోలు పైకి పెట్టి, ఒక ముక్కకి నాలుకలాంటి మొన, ఇంకో ముక్కకి దాన్ని పట్టే నోరు, రెండే రెండు గీతల్లో కోసింది. మూసిన కళ్ళతోనే. రెంటినీ దగ్గరికి చేర్చింది.

అవి విడివిడి ముక్కలన్న సంగతి వాటికే గుర్తు లేనట్టు కలిసిపోయాయి.

అనెస్తిస్ ఆ అతుకు చూశాడు. తర్వాత ఆవిడని చూశాడు.

"పెద్దమ్మా," అన్నాడు. "ఇది స్ట్రాటిస్ చెయ్యి."

"కాదు నాయనా. నా చెయ్యి. స్ట్రాటిస్‌కి చెయ్యి లేదు."

ఆవిడ కళ్ళు తెరిచి, అతికిన ముక్కల్ని బల్ల మీద పెట్టింది.

"అల్బేనియా కొండల మీద యుద్ధంలో మంచుకి వాడి వేళ్ళు చచ్చిపోయాయి. ఊడిపోలేదు. ఊడిపోతే అందరికీ కనిపించేది. ఉన్నాయి, కానీ స్పర్శ లేదు. బొచ్చు ఏ వైపుందో తెలీని వేళ్ళు ఈ ఊళ్ళో దేనికి పనికొస్తాయి? ఎవరికీ చెప్పొద్దమ్మా అన్నాడు. మా ఆయన దగ్గర నేర్చుకున్న విద్య నాకుంది. ఆయన చూసీచూడనట్టు నేర్పాడు. తలుపేసుకుని నేను అతికేదాన్ని. వాడు పక్కన కూర్చుని పెన్సిలుతో అక్షరం రాసేవాడు. కింద నువ్వు మిషను మీద కుట్టేదానివి, డోమ్నా. నువ్వు కుట్టిందంతా నా గీతల మీదే."

"మీరు కాఫీ తీసుకెళ్ళేవారు కదా పైకి..." అంది డోమ్నా.

"కాఫీ వాడు తాగేవాడు. పని నేను చేసేదాన్ని."

"మరి ఎవర్నీ గదిలోకి రానిచ్చేవాడు కాదేం? గొప్ప పనివాడికి ఆ మాత్రం బిగువుంటుందిలే అనుకున్నాం!" అన్నాడు అర్గీరిస్. అతని మొహంలో కోపమూ సిగ్గూ ఒకదానికొకటి అతకని ముక్కల్లా ఉన్నాయి.

"వాడు పోయాక కూడా చెయ్యి ఆగలేదు నాయనా. అదేం చేస్తుంది, దానికి ఎవరు చెప్తారు వాడు పోయాడని? మీరు పడుకున్నాక వచ్చి కూర్చునేదాన్ని. చేతిసూదితో కుట్టుకునేదాన్ని. అక్షరం కూడా అలవాటు చొప్పున పెట్టేదాన్ని. కోటు కొలతకి అతికిన ఆ పలకలన్నీ సరస్సు అవతలి మఠంలో సన్యాసినులకి ఇచ్చేశాను, వాడి ఆత్మ కోసం దీపం వెలిగించమని. వాళ్ళు ఎవరికిచ్చారో, అది కోటై ఎవరు తొడుక్కున్నారో నాకేం తెలుసు? సుత్తి చప్పుడు మీరంతా వింటున్నారని ఇవాళే తెలిసింది. ఒక్కరైనా అడిగుంటే చెప్పేసేదాన్ని."

కుట్టు విప్పితే గుట్టు బయటపడింది. ఇన్నేళ్ళుగా కోటు లోపలుండే చెయ్యిని మగచెయ్యనే అనుకున్నారు. ఆ అనుకోవడం తప్ప అక్కడ దయ్యమూ లేదు, భూతమూ లేదు.

ఊరు మెల్లగా ఊపిరి వదిలింది. వెనక నిలబడ్డవాళ్ళకి ముందువాళ్ళు చెప్పారు. మెట్ల మీదివాళ్ళు వాకిట్లోవాళ్ళకి చెప్పారు. పోలిక్సేని చెయ్యట, కత్తి కూడా ఆవిడదేనట, ఇన్నాళ్ళూ ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు మెచ్చుకున్నది ఈ ముసలావిడనేనట. మలామో పిన్ని మాత్రం పట్టువదలకుండా మంచి చెవిని కూడా ఖర్చుపెట్టి అడిగింది.

"అయితే బోటు?"

"బోటు లేదు పిన్నీ! కోటు! కోటు!" యాభై గొంతులు ఒక్కసారి అరిచాయి. పిన్ని నొచ్చుకుంది. "మరి ముందే చెప్పొచ్చుగా. చలిలో ఊరికే తిప్పారు మనుషుల్ని," అంది.

అప్పుడు నవ్వులు. గదిలో, మెట్ల మీద, వాకిట్లో. భయం నవ్వుగా మారినప్పుడు అది కాస్త ఎక్కువే వస్తుంది. అనెస్తిస్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"అన్నా అర్గీరిస్, ఏమంటావ్? మరి తోలు మీద కనిపించింది మీ తమ్ముడు కాదు, మీ అమ్మ. మీ అమ్మ ఉండగా నేను పెళ్ళి చేసుకోవచ్చు. అందుకు పాదిరీ గారు ఒప్పుకుంటారు."

అర్గీరిస్ కూడా నవ్వాడు, తప్పక. "ఆదివారమే కానివ్వు. గింజలెలాగూ ఒలిచేశారు."

డోమ్నా నవ్వడం లేదు.

ఆమె స్ట్రాటిస్ వేళ్ళని తలుచుకుంటోంది. పొయ్యి మీది గిన్నె వట్టి చేతులతో దింపేవాడు. కాలదా అంటే నవ్వేవాడు. తన జుట్టు నిమిరేటప్పుడు చేతివైపే చూసేవాడు, చూపుతో తాకుతున్నట్టు. అది ప్రేమనుకుంది. ప్రేమే అయ్యుండొచ్చు. కానీ చూడకపోతే ఆ చేతికి తను ఉన్నదీ లేనిదీ తెలిసేది కాదు.

ఇంకొక సంగతి కూడా ఇప్పుడే ఆమె లోపల మెల్లగా తిరగబడి, బొచ్చు కిందికీ తోలు పైకీ అయింది.

స్ట్రాటిస్ పారిపోయాడేమోనన్న అనుమానం ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. ఎందుకొస్తుంది? ఊళ్ళోకెల్లా మంచి చెయ్యి. ఫ్రాంక్‌ఫర్ట్ వ్యాపారి స్వయంగా ఉత్తరం రాశాడు, వచ్చి మా కుర్రవాళ్ళ ముందు నెల్లాళ్ళు పని చేసి చూపించమని. సోమవారం బస్సు. ఆ ప్రయాణానికి కొత్త చొక్కా కూడా తనే కుట్టింది. అంత గౌరవం అందుకోబోయే మనిషి ఇల్లు వదిలి ఎందుకు పోతాడు? నీళ్ళే మింగాయన్నారు. కోర్టు కూడా ఇంకేమీ అడక్కుండా కాగితం ఇచ్చేసింది.

పదిమంది ముందు పని చేసి చూపించాలి. చచ్చిన వేళ్ళతో.

"అత్తయ్యా."

నవ్వులు ఇంకా సాగుతున్నాయి. అయినా ముసలావిడకి ఆ పిలుపు వినిపించింది. తలెత్తింది. ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఎనిమిదేళ్ళుగా ఎదురు చూసినదానిలా, కత్తిని మెల్లగా సొరుగులో పెట్టి మూసింది.

"సోమవారం బస్సు. శనివారం తెల్లారి బోటెక్కాడు," అంది డోమ్నా. "నేనింకా లేవలేదు. మీరు లేచే ఉన్నారు. ఎక్కేముందు మీతో ఏమన్నాడు?"

అనెస్తిస్ నవ్వు సగంలో ఆగింది. అర్గీరిస్ తల్లివైపు తిరిగాడు. ఒకరి నుంచి ఒకరికి పాకుతూ మెట్ల మీదా, వాకిట్లోనూ గొంతులు ఆగిపోయాయి.

పోలిక్సేని కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ సరస్సు ఉండాల్సిన చోట తెల్లదనం తప్ప ఏమీ లేదు.

"రొట్టె కట్టివ్వమన్నాడు," అంది. "నాలుగు రోజులకి సరిపడా."